ఎంగేజ్‌మెంట్ అంటే నిశ్చితార్థం ఒక్కటేనా? ఇంకా ఏయే అర్థాల్లో వాడతారు?

ఆడిట్ ఆఫీసులో ఆర్టికల్‌షిప్‌కి (సీఏ చదువులో భాగమైన శిక్షణ) చేరాననీ, క్లయింట్ దగ్గర "ఎంగేజ్‌మెంట్ లెటర్" మీద సంతకం పెట్టించుకు రమ్మంటే ఏమిటో అర్థం కాలేదనీ రాశారు. నేనూ సీఏ ఆఫీసులోనే పని చేస్తున్నాను కాబట్టి ముందు దాని సంగతే చెబుతాను.

మా లైన్లో ఎంగేజ్‌మెంట్ అంటే ఒప్పుకున్న పని. ఆడిట్‌కి ఒప్పుకుంటే ఆడిట్ ఎంగేజ్‌మెంట్, అంత లోతుకు వెళ్లని పరిశీలనకైతే రివ్యూ ఎంగేజ్‌మెంట్. ఆ పనికి బాధ్యత తీసుకుని రిపోర్టు మీద సంతకం చేసే ఆయన ఎంగేజ్‌మెంట్ పార్ట్‌నర్. ఇక లెటర్‌లో ఏముండాలో చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ వారి ఆడిట్ ప్రమాణం ఎస్‌ఏ 210 చెబుతుంది: ఆడిట్ ఉద్దేశం, పరిధి, ఆడిటర్ బాధ్యతలు, యాజమాన్యం బాధ్యతలు, లెక్కలు ఏ ఫ్రేమ్‌వర్క్ (లెక్కలు రాసే నియమాల) ప్రకారం ఉండాలి, రిపోర్టు ఏ రూపంలో వస్తుంది. పేచీ ఎప్పుడూ యాజమాన్యం బాధ్యతల పేరా దగ్గరే వస్తుంది. "లెక్కలు చూసేది మీరైతే బాధ్యత మాదంటారేంటండీ" అంటారు. లెక్కలు తయారుచేయడం, మోసం జరక్కుండా కంట్రోల్స్ పెట్టుకోవడం వాళ్ల పని. ఆ లెక్కల మీద అభిప్రాయం చెప్పడం మన పని. రేపు గొడవొస్తే చూపించడానికే ఆ కాగితం. ఏటా ఆడిట్ చేసే క్లయింటైతే ప్రతిసారీ కొత్త లెటర్ తప్పనిసరి కాదు, షరతులు మారాయేమో చూసుకుంటే చాలు.

ఫ్రెంచిలో "గాజ్" అంటే మాట ఇచ్చినందుకు హామీగా పెట్టే తాకట్టు. ఎంగేజ్ అక్కడి నుంచి వచ్చిందే. ఇల్లు తాకట్టు పెట్టే మార్ట్‌గేజ్‌లో ఉన్నదీ ఆ "గేజే". కాబట్టి తాంబూలాలు మార్చుకోవడం, లాయర్‌ని ఎంగేజ్ చేసుకోవడం, మన ఆడిట్ లెటర్ అన్నీ ఒకే కుదుటివి: మాట ఇచ్చి కట్టుబడటం. షేరింగ్ వద్దనుకుని "ఎంగేజ్ ఆటో" మాట్లాడుకున్నా అంతే, ఆ ట్రిప్పు వరకు ఆటో మనదే.

రెండో కుదురు, ఒకటి ఇంకోదానిలో కుదురుకోవడం. మా చెల్లికి నెలలు నిండుతుండగా కేస్ షీట్ మీద "హెడ్ నాట్ ఎంగేజ్డ్" అని చూసి ఇంట్లో అందరికీ టెన్షన్. అమ్మయితే ఆ రాత్రి నిద్రపోలేదు. డాక్టరమ్మ నవ్వి వివరించారు. బిడ్డ తలలో అన్నిటికన్నా వెడల్పైన భాగం తల్లి కటి ఎముకల పైఅంచు దాటి లోపలికి దిగితే ఎంగేజ్ అయినట్టు లెక్కట. తొలి కాన్పులో ఇది తరచూ నొప్పులకు కొన్ని వారాల ముందే జరుగుతుంది, తర్వాతి కాన్పుల్లో నొప్పులు మొదలయ్యాక దిగడం కూడా మామూలే. చెల్లికి అది రెండో కాన్పు. క్లచ్ విషయంలోనూ ఇదే అర్థం, కానీ చాలామంది తిరగేసి చెబుతారు. పెడల్ తొక్కితే క్లచ్ డిస్‌ఎంగేజ్ అవుతుంది, కాలు తీస్తేనే ఎంగేజ్ అయి ఇంజిన్ బలం గేర్‌బాక్స్‌కి చేరుతుంది.

సైన్యంలో ఎంగేజ్‌మెంట్ అంటే శత్రువుతో తలపడటం. 2020 జూన్‌లో లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు సహా 20 మంది భారత సైనికులు చనిపోయినప్పుడు టీవీల్లో "రూల్స్ ఆఫ్ ఎంగేజ్‌మెంట్" అని తెగ వినిపించింది. ఎప్పుడు, ఎంతవరకు బలం వాడవచ్చో చెప్పే నియమాలవి. వాస్తవాధీన రేఖకు 2 కిలోమీటర్ల లోపల కాల్పులు జరపకూడదని భారత్, చైనా 1996లో రాసుకున్న ఒప్పందం మీద చర్చంతా నడిచింది. అదే మాట విదేశాంగ శాఖ వాళ్ల నోట వస్తే పూర్తిగా వేరు, సంప్రదింపులు జరుపుతున్నామని. ఎవరి నోట వచ్చిందో చూడకుండా అర్థం చెప్పలేం.

ఫోన్ ఎంగేజ్ వస్తోందన్నా, టాయిలెట్ తలుపు మీద ఎంగేజ్డ్ అని కనిపించినా ఖాళీ లేదని. అంతే.

నాకు నచ్చనివి కొత్తగా వచ్చిన రెండు. హెచ్‌ఆర్ వాళ్ల "ఎంప్లాయీ ఎంగేజ్‌మెంట్" అంటే ఉద్యోగికి పని మీద ఎంత మనసుందో అన్నది. ఇందులో పేరున్న అమెరికా సంస్థ గ్యాలప్ సర్వేలో ఉన్నవి 12 ప్రశ్నలు, ఆఫీసులో ప్రాణ స్నేహితులున్నారా అనేది అందులో ఒకటి. మన దగ్గర మాత్రం చాలా చోట్ల ఇది శుక్రవారం మధ్యాహ్నం ఆటలపోటీలుగా మిగిలింది. సోషల్ మీడియాలో అయితే లైకులు, కామెంట్లు, షేర్లు కలిపి ఎంగేజ్‌మెంట్ అంటారు, తిట్టిన కామెంటూ లెక్కలోకి వస్తుంది. ఎంగేజ్‌మెంట్ రేటు అని ఎవరైనా చూపిస్తే దేనితో భాగించారో అడగండి. కొందరు ఫాలోయర్ల సంఖ్యతో, కొందరు పోస్టు చేరినవాళ్ల సంఖ్యతో భాగిస్తారు, ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.