మీ ప్రశ్నలు – మా జవాబులు: మూడు పెన్నీల ఉత్తరాల కాలం

1700–1730 మధ్య ఇంగ్లండు భూస్వాములు తమ ఊళ్లతో, గుమాస్తాలతో నడిపిన ఉత్తర ప్రత్యుత్తరాల మీద పోయిన సంచికలో వ్యాసం వేశాం. దాని మీద వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులు.

ప్ర: ఆ ఉత్తరాల ఫొటోల్లో కవరు ఉండదు, తపాలా బిళ్ల ఉండదు. కాగితం వెనకే చిరునామా, దాని మీద అడ్డదిడ్డంగా ఒక అంకె. డబ్బు ఎవరు కట్టేవారు? – విజయవాడ

జ: ఆ అంకే తపాలా ఖర్చు. బిళ్లలు 1840లో గానీ రాలేదు. అప్పటి పద్ధతిలో ఉత్తరం అందుకున్నవాడే సాధారణంగా డబ్బు కట్టేవాడు. 1711 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం 80 మైళ్ల లోపు ఒక కాగితానికి 3 పెన్నీలు, అది దాటితే 4, లండన్ నుంచి ఎడిన్‌బరోకి 6. అంతకు ముందు 2, 3 పెన్నీలే ఉండేవి. ఫ్రాన్సుతో యుద్ధానికి డబ్బు కావలసి వచ్చి పెంచారు. రెండు కాగితాలుంటే రెట్టింపు, మూడుంటే మూడింతలు, ఔన్సు తూగితే నాలుగింతలు. కవరు తొడిగితే అదీ ఒక కాగితమే. ఖాళీ కాగితానికి మూడు పెన్నీలు పోయడం ఎవరికి ఇష్టం? అందుకే కవరు లేదు. లోపల చిన్న రసీదు ముక్క పెట్టినా రెండు కాగితాల ఛార్జీయే పడేది.

పల్లెలో రోజుకూలీ సుమారు 8 నుంచి 12 పెన్నీలు ఉన్న కాలం అది. ఒక ఉత్తరం అందుకోవడమంటే కూలివాడి మూడోవంతు రోజు పోయినట్టే. పైగా తపాలా దారులన్నీ లండన్ నుంచే బయల్దేరేవి. ఉత్తరాన ఉన్న ఊరి నుంచి పడమటి ఊరికి రాస్తే అది ముందు లండన్ వెళ్లేది, రెండు దూరాలకూ విడివిడిగా ఛార్జీ పడేది. లండన్ వెళ్లకుండా ఊరి నుంచి ఊరికి నేరుగా పోయే అడ్డదారి తపాలాను గాడిన పెట్టినవాడు బాత్ పట్టణపు రాల్ఫ్ ఆలెన్. 1720లో ఏడాదికి 6,000 పౌన్లకు ఆ తపాలాను గుత్తకు తీసుకున్నాడు.

పార్లమెంటు సభ్యుడికి మాత్రం ఖర్చు లేదు. సమావేశాల కాలంలోనూ, వాటికి ముందూ వెనకా 40 రోజుల పాటూ ఆయన ఉత్తరాలు ఉచితంగా వెళ్లేవి. చిరునామా మూలన ఆయన సంతకం ఉంటే చాలు. సంతకం చేసిన ఖాళీ కాగితాలను బంధువులకు, స్నేహితులకు పంచిపెట్టడం మామూలైపోయింది. ఉత్తరం మీద ఎవరిదో సంబంధం లేని పేరు మూలన కనిపిస్తే, రాసినవాడి పేరనుకుని పొరబడకండి.

ప్ర: కవరు లేకుండా ఎలా మూసేవారు? పిల్లలతో చేయించాలనుకుంటున్నాను. – హనుమకొండ

జ: పెద్ద కాగితాన్ని సగానికి మడిస్తే రెండు ఆకులు, నాలుగు పేజీలు. మొదటి మూడు పేజీల్లో రాయాలి. నాలుగో పేజీ నడిమి పట్టీ మాత్రం ఖాళీగా ఉంచాలి, చిరునామా అక్కడ వస్తుంది. ఇప్పుడు నిలువు అంచులు రెండింటినీ లోపలికి మడిస్తే పొడవాటి పట్టీ అవుతుంది. ఆ పట్టీని అడ్డంగా మూడు మడతలు వేసి, ఒక కొసను రెండో కొస గొట్టంలోకి దోపాలి. దోపిన చోట లక్క. అంతే.

ఈ ముద్ర లక్కలో మూడు సరుకులు: అసలు లక్క, లార్చ్ చెట్టు జిగురు, రంగుకు ఇంగిలీకం. లక్క మాత్రం మన దేశాల నుంచి ఓడల్లో వెళ్లిందే. మంటలో నేరుగా పెడితే మసి పట్టి ఎరుపు కాస్తా నల్లబడుతుంది. మంట పక్కన పట్టి కరిగించాలి. ముద్ర వేసే ముందు దాని మీద ఊదితే ఆ చెమ్మకు లక్క అంటుకోదు. రోజువారీ ఉత్తరాలకు ఇంత తతంగం లేదు, పిండితో చేసిన పలచటి బిళ్లను నాలుకతో తడిపి మడతల మధ్య అదిమేవారు. ఇంట్లో చావు జరిగితే నల్ల లక్క.

పిల్లలు తప్పు చేసేది ఒకటే చోట: లక్క పడే చోటుకి వెనక పేజీలో కూడా రాసేస్తారు. విప్పినప్పుడు ఆ ముక్క చిరిగి మాటలు పోతాయి. పాత ఉత్తరాల అచ్చు ప్రతుల్లో వాక్యం మధ్యలో చుక్కలు కనిపిస్తే చాలాసార్లు కారణం ఈ చిరుగే.

ప్ర: "ఫిబ్రవరి 14, 1709/10" అని ఉంది. రెండు సంవత్సరాలేమిటి? – నెల్లూరు

జ: అప్పట్లో ఇంగ్లండులో చట్ట ప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. మన ఉగాదికి దగ్గర్లోనే అన్నమాట. జనం మాత్రం పంచాంగాల్లో జనవరి 1నే చూసేవారు. అందుకని జనవరి 1 నుంచి మార్చి 24 దాకా రెండు సంవత్సరాలూ రాసేవారు. మీ ఉత్తరం మన లెక్కలో 1710ది. ఒక్క 1709 అనే రాసినవాళ్లూ ఉన్నారు, అసలు చిక్కు వాళ్లతోనే: మార్చి 20, 1709 ఉత్తరం మార్చి 30, 1709 ఉత్తరం కంటే దాదాపు ఏడాది తర్వాతిది! దీనికి తోడు ఐరోపాలో చాలా దేశాల తేదీ 11 రోజులు ముందుండేది. 1752లో రెండూ సరిచేశారు. ఆ ఏడు సెప్టెంబరు 2 మర్నాడు 14.

మార్చి 25కి ఇంకో ప్రాముఖ్యం ఉంది. అది కౌలు గడువు. మార్చి 25, జూన్ 24, సెప్టెంబరు 29, డిసెంబరు 25 – ఈ నాలుగూ లెక్కల రోజులు. కౌలు ఎక్కువగా మార్చి, సెప్టెంబరు గడువుల్లో వసూలయ్యేది. భూస్వామి ఉత్తరాల్లో ఏప్రిల్, అక్టోబరు నెలల్లో గొంతు పెరగడానికి కారణం ఇదే. బ్రిటన్‌లో ఈనాటికీ ఆదాయపన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలవడానికి మూలం కూడా ఆ మార్చి 25.

ఉత్తరం మీద చిన్న గుండ్రటి ముద్ర కనిపిస్తే అది లండన్ తపాలా ఆఫీసుది. 1661లో హెన్రీ బిషప్ పెట్టిన పద్ధతి. నెల, తేదీ ఉంటాయి, సంవత్సరం ఉండదు. 1713 దాకా నెల పైన, తేదీ కింద. ఆ తర్వాత తలకిందులు. సంవత్సరం తేలని ఉత్తరానికి ఇదొక ఆధారం.

ప్ర: యజమాని లండన్‌లో, పొలాలు వంద మైళ్ల దూరంలో. వసూలైన కౌలు ఎలా చేరేది? నాణేల సంచి బండిలో వేసి పంపేవారా? – గుంటూరు

జ: బండిలో వేస్తే దారిదోపిడీగాళ్లకు పండగే. అలా పంపింది తక్కువ. మన పాత వర్తకుల హుండీ చీటీ లాంటి ఏర్పాటే వాళ్లకూ ఉండేది, స్టీవార్డు – అంటే ఎస్టేటు చూసుకునే దివాను – బుర్రంతా దీని మీదే పెట్టేవాడు.

అతను చేసే పని ఇది. ఆ ఊరి నుంచి లండన్ స్మిత్‌ఫీల్డ్ సంతకు పశువులు తోలుకెళ్లే వ్యాపారి ఒకడుంటాడు. వాడికి ఊళ్లో రైతులకు ఇవ్వడానికి రొక్కం కావాలి. సంతలో అమ్మాక లండన్‌లో రొక్కం చేతికొస్తుంది. స్టీవార్డు కౌలు సొమ్ము వాడికి ఇక్కడ ఇచ్చి, "చూసిన ఇన్ని రోజులకు ఫలానా దొరగారికి ఇంత చెల్లించవలెను" అని బిల్లు రాయించుకుంటాడు. దాన్ని ఉత్తరంలో పెట్టి పంపుతాడు. నాణెం కదలదు, కాగితం కదులుతుంది. భూమిపన్ను వసూలు చేసి లండన్ ఖజానాకు కట్టాల్సిన అధికారి దొరికినా ఇదే పద్ధతి.

ఎక్కడ బెడిసేది? సంతలో ధర పడితే వ్యాపారి గడువుకు చెల్లించలేడు. బిల్లు తిరిగొస్తే స్టీవార్డు మెడకు చుట్టుకుంటుంది. అందుకే ఏ వ్యాపారి గట్టివాడు, ఎవడు అప్పుల్లో ఉన్నాడు అనే కబుర్లు ఈ ఉత్తరాల్లో అంత విస్తారంగా ఉంటాయి. అవి ఊసుపోక రాసినవి కావు. నాణేల గొడవ ఇంకొకటి. అంచులు కత్తిరించిన పాత వెండిని 1696లో వెనక్కి తీసుకుని కొత్తగా అచ్చు వేశారు, కొన్నేళ్లు పల్లెల్లో చిల్లర కరువు. బంగారు గినీ విలువ కూడా 21 షిల్లింగుల 6 పెన్నీల నుంచి 1717 చివర్లో 21కి దిగింది. ముందు రోజు గినీల్లో కౌలు పుచ్చుకున్న స్టీవార్డుకు ప్రతి గినీకీ ఆరు పెన్నీల బొక్క.

చదవడానికి ఒక జంట పేరు చెప్పమంటే లార్డ్ ఫిట్జ్‌విలియమ్, ఆయన స్టీవార్డు ఫ్రాన్సిస్ గైబన్ అంటాం. దొర లండన్‌లో, గైబన్ పీటర్‌బరో దగ్గర మిల్టన్‌లో. 1697–1709 నాటి వాళ్ల ఉత్తరాలు మిగిలాయి.

ప్ర: ప్రభుత్వం ఉత్తరాలు విప్పి చదివేదా? – కర్నూలు

జ: చదివేది. 1711 చట్టం మంత్రి రాతపూర్వక ఆజ్ఞ లేనిదే విప్పకూడదంది. ఆజ్ఞకు కొదవ లేదు. ముఖ్యమైన సంగతి ఉంటే తపాలాకు ఇవ్వకుండా తెలిసినవాడి చేతికిచ్చి పంపేవారు. మరో దారి బండివాడు. సరుకుతో పాటు ఆ సరుకుకు సంబంధించిన ఉత్తరం తీసుకెళ్లే వీలు చట్టమే అతనికి ఇచ్చింది. పంది తొడ, పావురాలు బుట్టలో పెట్టి, వాటి తాలూకు చీటీలో ఊరి సంగతులన్నీ కుక్కి పంపితే తపాలా ఖర్చూ మిగిలేది.

ప్ర: ఆ సిరా ఇంట్లో చేసుకోవచ్చా? – రాజమహేంద్రవరం

జ: చేసుకోవచ్చు. ముఖ్యమైన మూడు సరుకులూ మన మూలికల కొట్లో దొరుకుతాయి: మాచికాయ, అన్నభేది, తుమ్మబంక. వాళ్లు సిరియాలోని అలెప్పో నుంచి వచ్చిన మాచికాయలు మెచ్చేవారు. ఇంగ్లండులో వాడుకలో ఉన్న పాత కొలత: ఒక క్వార్టు (సుమారు లీటరు) ద్రాక్షసారాకు మాచికాయ 5 ఔన్సులు, అన్నభేది 3, బంక 2. ద్రాక్షసారా బదులు నీళ్లతో, నాలుగోవంతు కొలతకు – నీళ్లు 280 మిల్లీలీటర్లు, మాచికాయ 35 గ్రాములు, అన్నభేది 21, బంక 14.

మాచికాయల్ని కచ్చాపచ్చాగా దంచి, నీళ్లలో వారం నాననివ్వండి. గాజు సీసా గానీ పింగాణీ గిన్నె గానీ వాడండి. ఇనుప పాత్ర కూడదు. గుడ్డలో వడకట్టి, అన్నభేది వేసి కలపండి. వెంటనే నల్లబడటం మొదలవుతుంది. చివర్లో నలగ్గొట్టిన బంక. రోజుకోసారి కలుపుతూ ఇంకో వారం ఉంచండి. బూజు పట్టకుండా నాలుగు లవంగాలు.

రాసిన వెంటనే వెలిసినట్టు కనిపిస్తే కంగారు పడొద్దు, గాలి తగిలి గంటల్లో నలుపెక్కుతుంది. బంక తగ్గితే కాగితం మీద పాకుతుంది, ఎక్కువైతే కలం నుంచి దిగదు. అన్నభేది మోతాదు మించితే ఏళ్ల తర్వాత గోధుమరంగుకు తిరిగి కాగితాన్ని తినేస్తుంది. పాత ఉత్తరాల్లో అక్షరాల చోట చిల్లులు దాని పుణ్యమే. అందరూ చేసే పొరపాటు ఇంకొకటుంది: ఇంగ్లీషులో అన్నభేది పాత పేరు కాపరస్. అది చూసి రాగి సంబంధమనుకుని మైలుతుత్తం తెస్తారు. అన్నభేది ఇనుము ఉప్పు, లేతాకుపచ్చ. మైలుతుత్తం నీలం, విషం కూడా. ఈ సిరాను ఫౌంటెన్ పెన్నులో మాత్రం పోయకండి.

కలానికి పెద్దబాతు ఈక. కుడిచేతివాళ్లకు ఎడమ రెక్కది. వంపు కంటికి అడ్డురాకుండా బయటికి తిరిగి ఉంటుంది. ముందు వేడి ఇసుకలో గుచ్చితే గొట్టం గట్టిపడి చక్కగా తెగుతుంది.

ప్ర: ఈ భూస్వాముల్లో మన ప్రాంతంతో సంబంధం ఉన్నవాళ్లు ఉన్నారా? – మచిలీపట్నం

జ: థామస్ పిట్. 1698 నుంచి 1709 దాకా మద్రాసు సెయింట్ జార్జి కోట గవర్నరు, అదే సమయంలో ఇంగ్లండులో సాలిస్‌బరీ పక్క భూస్వామి. స్వదేశానికి రాసిన ఉత్తరానికి జవాబు రావడానికి ఏడాది పైనే పట్టేది. ఓడ మునిగితే ఉత్తరమూ పోతుంది గనక ఈస్టిండియా కంపెనీ వాళ్లు ఒకే ఉత్తరానికి నకళ్లు తీసి వేర్వేరు ఓడల్లో పంపేవారు. అందుకే కొన్ని రెండేసి ప్రతులుగా దొరుకుతాయి.

కృష్ణ ఒడ్డు కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే పెద్ద వజ్రాన్ని ఆయన 48,000 వరహాలకు కొన్నాడు. 1702లో కొడుకు రాబర్ట్ చేతికిచ్చి ఇంగ్లండు పంపాడు. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి ఓర్లియన్స్ డ్యూకుకు అమ్మాడు. ఆ ఏడాదే కార్న్‌వాల్‌లో బొకొనాక్ ఎస్టేటు కొన్నాడు. వజ్రం ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. కొల్లూరు పులిచింతల నీళ్లలో ఉంది.

ప్ర: "ది" అని ఉండాల్సిన చోట "వై" అక్షరం, దాని నెత్తిన చిన్న "ఇ" ఉంది. "యీ" అని చదవాలా? – హైదరాబాదు

జ: "ది" అనే చదవాలి. "థ" ధ్వనికి పాత ఇంగ్లీషులో వేరే అక్షరం ఉండేది, చేతిరాతలో అది క్రమంగా "వై" ఆకారంలోకి వచ్చేసింది. అలాగే "వై" మీద "టి" ఉంటే "దట్". మాట మధ్యలో "ఎఫ్" లాంటి గీత కనిపించి అడ్డగీత సగమే ఉంటే, లేదా అసలే లేకపోతే, అది పొడుగు "ఎస్". చదవడం మొదలుపెట్టేవాళ్లు ముందు ఉత్తరం చివర సంతకం ముందరి మర్యాద వాక్యం పట్టుకోండి. "మీ విధేయ సేవకుడు" అన్న అర్థం వచ్చే ఆ నాలుగు మాటలు దాదాపు ప్రతి ఉత్తరంలో ఉంటాయి. అందులోని అక్షరాలు గుర్తుపడితే ఆ చేతిరాత వర్ణమాలలో చాలా భాగం మీకు వచ్చేసినట్టే.