ఏఐకి రూల్స్ రాశారు సరే, తాళాలు వేశారా?

ప్రశ్న: మేడమ్, బెంగళూరు బెళ్ళందూరులో ఒక చిన్న కంపెనీలో టీమ్ లీడ్‌ని. క్లినిక్‌లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. టీమంతా ఏఐ అసిస్టెంట్‌తోనే కోడ్ రాస్తోంది. అది తప్పు చేసినప్పుడల్లా దానికిచ్చే సూచనలుండే రూల్స్ ఫైల్లో ఒక లైను చేరుస్తూ వచ్చాం. ఇప్పుడది 400 లైన్లు దాటింది. అయినా మాట వినదు. కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే టెస్టుల్ని మార్చొద్దని క్యాపిటల్ లెటర్స్‌లో రాసినా మారుస్తోంది. ఇంకెలా చెప్పాలి?

జవాబు: ఇంకా చెప్పకండి. ఇప్పటికే ఎక్కువ చెప్పారు.

మీ ఫైలు నేను చూడలేదు గానీ మొదటి లైను ఊహించగలను: "నువ్వు ఇరవై ఏళ్ళ అనుభవమున్న సీనియర్ ఇంజనీర్‌వి." ఆ కింద "క్లీన్ కోడ్ రాయి", "బగ్స్ లేకుండా చూడు". ఇలాంటివన్నీ కొట్టేయండి. బగ్స్ లేకుండా రాయమంటే రాసేసేటట్టయితే మన జూనియర్లకు ఆ ఒక్క ముక్క చెప్పి సాయంత్రం ఐదింటికే రింగ్ రోడ్డు ఎక్కేసేవాళ్ళం.

మీ అసిస్టెంట్ క్లాడ్ కోడ్ అయితే క్లాడ్ డాట్ ఎండీ అనే రూల్స్ ఫైలు, కోడెక్స్ లాంటివైతే ఏజెంట్స్ డాట్ ఎండీ చదువుతాయి. ఫైలు పేరు ఏదైనా, సెషన్ మొదలైన ప్రతిసారీ అదంతా అసిస్టెంట్ ముందుకు వస్తుంది. పనికిరాని 300 లైన్ల మధ్య పనికొచ్చే పది లైన్లు పెడితే ఆ పదికి దక్కే శ్రద్ధ తగ్గిపోతుంది. కాబట్టి కోడ్ చదివితే తెలిసిపోయేవి తీసేసి, మీ టీమ్‌కు మాత్రమే తెలిసినవి ఉంచండి. టెస్టులు ఏ కమాండుతో నడపాలి? డేటాబేస్ రూపం మార్చే పాత మైగ్రేషన్ ఫైళ్ళు మార్చకుండా కొత్తది చేర్చాలా? డేటాబేస్‌లో సమయం యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ సమయంలో) ఉంటే, రిపోర్టులు మన టైమ్ ప్రకారం తీయాలా? ఈ చివరిది రాయకపోతే, ఒకటో తారీకు తెల్లవారుజామున 5:30 లోపు వేసిన బిల్లు పోయిన నెల లెక్కలో పడుతుంది. అకౌంటెంట్ ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలియదు.

ఇక టెస్టుల సంగతి. మొన్నొక మార్పు నా దగ్గరకు రివ్యూకి వచ్చింది. రూపాయల్ని పైసల్లోకి మార్చే ఫంక్షన్. 19.99 ఇస్తే 1999 రావాలి. అసిస్టెంట్ 19.99ని ఫ్లోట్‌గా, అంటే కంప్యూటర్ ఉజ్జాయింపుగా దాచుకునే దశాంశ సంఖ్యగా, తీసుకుని 100తో గుణించింది. కంప్యూటర్‌లో ఆ లెక్కకు 1998.9999999999998 వస్తుంది. దాన్ని పూర్ణాంకం చేస్తే చుక్క తర్వాతదంతా ఎగిరిపోయి 1998 మిగులుతుంది. టెస్టు ఫెయిలైంది. అప్పుడది ఫంక్షన్ జోలికి వెళ్ళకుండా టెస్టులో ఉన్న 1999ని 1998 చేసి, "ఆశించిన విలువను సరిదిద్దాను" అని వినయంగా రాసింది. అన్నీ పచ్చ టిక్కులే. అడుగున ఉన్న ఆ ఒక్క అంకె చూడకపోతే ఇలాంటి మొత్తమున్న ప్రతి బిల్లుకూ పైసా చొప్పున పోతూనే ఉండేది.

దీనికి రూల్స్ ఫైల్లో ఒక్క లైను చాలు: "డబ్బు ఎప్పుడూ పైసల్లో, పూర్ణాంకాల్లోనే, ఫ్లోట్ వాడొద్దు." టెస్టులు మార్చకుండా ఆపాలంటే మాత్రం మాట సరిపోదు. ఫైల్లో రాసింది విన్నపమే. సాధారణంగా వింటుంది, ఒక్కోసారి వినదు. జరగనే కూడదనుకున్నవాటికి తాళం వేయాలి. టెస్టుల ఫోల్డర్లో ఏ మార్పు జరిగినా మీలో ఒకరు అప్రూవ్ చేస్తే తప్ప అసలు కోడ్‌లో కలవకుండా (మెర్జ్ కాకుండా), కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో కోడ్ ఓనర్స్ సెట్టింగ్ పెట్టండి. అసలు కోడ్ ఉండే మెయిన్ బ్రాంచ్‌లోకి రివ్యూ లేకుండా నేరుగా పంపడం (పుష్ చేయడం) ఎవరికీ కుదరకూడదు, మీకు కూడా. అసిస్టెంట్ నడిచే ల్యాప్‌టాప్‌లో ప్రొడక్షన్ డేటాబేస్ (కస్టమర్లు నిజంగా వాడే డేటాబేస్) పాస్‌వర్డే ఉండకూడదు. చూడక తప్పదంటే చదవడానికి మాత్రమే పనికొచ్చే యూజర్‌ని ఇవ్వండి. "ప్రొడక్షన్ డేటా డిలీట్ చేయవద్దు" అన్న లైను మీ ఫైల్లో ఉందంటే, డిలీట్ చేసే హక్కు దానికి ఇచ్చి ఉంచారనే కదా అర్థం!

ఇంకో మాట. లైబ్రరీలు, అంటే వేరేవాళ్ళు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్ ప్యాకేజీలు, చేర్చేటప్పుడు అసలు లేని పేర్లు కూడా అసిస్టెంట్ ధీమాగా చెబుతుంది. అలాంటి పేర్లు కనిపెట్టి, వాటితోనే హానికర ప్యాకేజీలు పెట్టే మోసగాళ్ళున్నారు. కొత్త లైబ్రరీ చేరుతోందంటే ఎవరో ఒకరు ఆ పేజీ తెరిచి చూడాల్సిందే.

ప్రశ్న: అక్కా, బీటీఎమ్‌లో పీజీలో ఉంటూ మొదటి ఉద్యోగం చేస్తున్నా. ఏఐ సాయం తీసుకుంటే కమిట్‌లో (కోడ్ మార్పుతో పాటు రాసే నోట్‌లో) రాయాలని మా మేనేజర్ రూల్ పెట్టారు. రాస్తే "సొంతంగా రాదు" అనుకుంటారేమోనని టెన్షన్. రాయకపోతే ఏమవుతుంది?

జవాబు: రాయమ్మా. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ని రాసేవాళ్ళే రాయమంటున్నారు. ఏఐ సాయం ఉంటే "అసిస్టెడ్ బై" అని టూల్ పేరు, మోడల్ వెర్షన్ పెట్టాలి. "సైన్డ్ ఆఫ్ బై" లైను మాత్రం ఏఐ పెట్టకూడదు, మనిషే పెట్టాలి. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది, దీని బాధ్యత నాది అని చేసే సంతకం అది. 2004 నుంచీ ఉన్న పద్ధతి. రేపు ఆ కోడ్ పనిచేయకపోతే మెయిల్ వచ్చేది సంతకం పెట్టినవాళ్ళకే.

మీ మేనేజర్‌కు కావలసిందీ అదే అనుకుంటున్నాను. రివ్యూలో "ఈ లైను ఎందుకు?" అంటే "ఏఐ ఇచ్చింది" అనే అమ్మాయి మీద వస్తుంది అనుమానం, ఏఐ సాయం తీసుకున్నానని కమిట్‌లో రాసినామె మీద కాదు. నీకు అర్థం కాని లైను పంపకు, అంతే.

సరదాగా ఓపెన్ సోర్స్‌లో, అంటే అందరికీ తెరిచి ఉంచిన కోడ్ ప్రాజెక్టుల్లో, ఏదైనా మార్పు (ప్యాచ్) పంపాలనుకుంటే ముందు ఆ ప్రాజెక్టు రూల్స్ చదువు. అందరూ కెర్నల్‌లా ఉండరు. లైనక్స్‌లో ఒక రకమైన జెంటూ 2024లోనే ఏఐ రాసిన కోడ్ వద్దంది. నెట్‌బీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ళు కూడా అదే ఏడాది, ముందస్తు అనుమతి లేనిదే తీసుకోమన్నారు. కాపీరైట్ ఎవరిదో తేలని కోడ్ అని వాళ్ళ భయం. అక్కడికి చెప్పకుండా పంపితే మాత్రం నిజంగానే పేరు చెడుతుంది.

ప్రశ్న: వైట్‌ఫీల్డ్‌లో సపోర్ట్ టీమ్‌లో చేస్తాను. కస్టమర్ ఎర్రర్ లాగ్ (సాఫ్ట్‌వేర్ తనలో జరిగినవి నమోదు చేసే ఫైలు) మొత్తం ఏఐలో పేస్ట్ చేస్తే సమస్య చిటికెలో దొరుకుతోంది. తప్పా?

జవాబు: మీ సొంత అకౌంట్‌లో చేస్తుంటే తప్పే. కంపెనీ ఇచ్చిన టూల్‌లో అయినా, కస్టమర్‌తో ఉన్న ఒప్పందం అనుమతిస్తుందో లేదో సెక్యూరిటీ వాళ్ళను అడగండి. 2023లో శాంసంగ్ ఉద్యోగులు కంపెనీ కోడ్‌ని చాట్‌జీపీటీలో పెట్టిన సంగతి బయటపడి, ఆ కంపెనీ అలాంటి టూల్స్‌నే ఆఫీసులో నిషేధించింది. లాగ్‌లో కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఉంటే అది వ్యక్తిగత డేటా. 2023లోనే దానికి మన దేశంలో చట్టం కూడా వచ్చింది.

ఎర్రర్ వచ్చిన ఇరవై ముప్పై లైన్లు చాలు. పేర్లు, నంబర్లు, పాస్‌వర్డ్‌లా పనిచేసే టోకెన్లు తీసేసి పెట్టండి. ఇప్పటికే ఏదైనా పాస్‌వర్డో, ఏపీఐ కీనో (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదాన్ని వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్) అందులో పేస్ట్ చేసి ఉంటే చాట్ డిలీట్ చేసి ఊరుకోకండి. ఆ కీ ఈ రోజే రద్దు చేయించి కొత్తది తీసుకోండి.