అందమైన సినిమాలు చూసి కెమెరా కోర్సు అడుగుతోంది, చేర్చవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి రాజమండ్రిలో ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. కొండలు, జలపాతాలు, మంచు కనిపించే సినిమాలంటే ప్రాణం. ఒక్కో షాట్ ఆపి ఆపి చూస్తుంది. ఇంజినీరింగ్ వద్దు, సినిమాటోగ్రఫీ చేస్తానంటోంది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థ ఏడాది కోర్సుకు లక్షల్లో ఫీజు చెప్పింది. ఆడపిల్లకి ఈ రంగం సరిపడుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక తల్లి

జవాబు: ఫీజు కట్టే ముందు మూడు నెలలు ఆగండి. మీ అమ్మాయికి నచ్చినవి అందమైన ప్రదేశాలా, లేక వాటిని తెరమీద అలా చూపించే పనా అన్నది ముందు తేలాలి. మొదటిదైతే ట్రావెల్ ఫొటోగ్రఫీ, టూరిజం లాంటి దారులున్నాయి. రెండోదైతేనే సినిమాటోగ్రఫీ.

ఈ తేడా అమ్మాయికి బాహుబలి జలపాతంతో చెప్పండి. దానికి ఆధారం కేరళలోని అతిరప్పిళ్లి. అసలు జలపాతం ఎత్తు సుమారు 80 అడుగులే, తెరమీద కనిపించే ఎత్తంతా గ్రాఫిక్స్‌తో వచ్చింది. ఇలాంటి షాట్‌కి లొకేషన్లో ప్లేట్, అంటే నటుడు లేని వెనక దృశ్యం, తీసేటప్పుడే ఏ లెన్స్ వాడారు, కెమెరా నేలకి ఎంత ఎత్తులో ఉంది, ఎంత వంచారు, సూర్యుడు ఎటువైపున్నాడు అన్నీ రాసిపెట్టుకోవాలి. తర్వాత స్టూడియోలో నటుడి మీద లైటు అదే వైపు నుంచి, అదే ఎత్తు నుంచి పడాలి. ఒక్కటి తప్పినా మనిషి వెనక తెర మీద అతికించినట్టు ఉంటాడు. ఈ లెక్కలు రాసుకోవడం విసుగనిపించని పిల్లలే ఈ రంగంలో నిలబడతారు. ఎంపీసీ చదివిన పిల్లకి ఇది లాభమే, ఎందుకంటే కాంతి పాఠాలు ఇక్కడ రోజూ పనికొస్తాయి.

ఇక మూడు నెలల పరీక్ష. కెమెరా కొనవద్దు, ఇంట్లో ఉన్న ఫోన్ చాలు. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం, కాకపోతే మీ ఫోన్‌లో పనిచేస్తుందో లేదో చూసుకోండి. అందులో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగుల సర్దుబాటు) 5600 దగ్గర కట్టేయాలి. ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే తీరు), షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుగు పడే సమయం) కూడా ఒక షాట్ అయ్యేదాకా కదలకూడదు. ఆటో మోడ్‌లో వదిలేస్తే సాయంత్రపు నారింజ రంగును ఫోనే తెల్లబరిచేస్తుంది, పడవ ఫ్రేమ్‌లోకి రాగానే వెలుతురు పెంచి తగ్గిస్తుంది. గోదావరి ఘాట్‌లో ఒకే మెట్టు మీద నిలబడి, ఒకే పడవను ఉదయం 6, 9, మధ్యాహ్నం 12, సాయంత్రం 4, అస్తమయ వేళ తీయమనండి. ఎక్స్‌పోజర్‌ని, అంటే ఆ ఐఎస్ఓ, షట్టర్‌లను, ప్రతి వేళకీ చేత్తోనే మార్చి, ఎంత మార్చిందో నోట్‌బుక్‌లో రాయాలి. నది మీకు పడమరన ఉంది కాబట్టి ఉదయం వెలుగు మీ వెనక నుంచి వచ్చి నేరుగా పడవ మీద పడి రంగులు తేటగా, కానీ చదునుగా వస్తాయి. సాయంత్రం సూర్యుడు పడవ వెనక ఉంటాడు కాబట్టి పడవ నల్లటి ఆకారమవుతుంది, నీటి మీద మెరుపు వస్తుంది. మరో సంగతి, మీ ఊళ్లో సూర్యుడు జూన్‌లో అస్తమించే చోటికీ డిసెంబరులో అస్తమించే చోటికీ మధ్య దాదాపు 50 డిగ్రీల దూరం ఉంటుంది. వేసవిలో చూసి ఖాయం చేసుకున్న ఫ్రేమ్‌లో డిసెంబరు షూటింగ్‌కి సూర్యుడు అసలు ఉండడు. లొకేషన్ వేటకి వెళ్లేవాళ్లు సూర్యుడి దారి చూపే యాప్, దిక్సూచి లేకుండా కదలకపోవడానికి కారణం ఇదే.

బంగారు రంగు వెలుగు వేళ కూడా మనకి తక్కువ. సూర్యుడు 6 డిగ్రీల ఎత్తు నుంచి నేలను తాకేదాకా మన అక్షాంశంలో సుమారు 25 నిమిషాలు పడుతుంది. ఉత్తర యూరప్‌లో వేసవిలో ఇదే గంట దాటుతుంది. అందుకే ఇక్కడ ఆ 25 నిమిషాల్లో వైడ్ షాట్లు మాత్రమే తీసి, క్లోజప్‌లు వేరే వేళ తెరలు కట్టి, లైటు పెట్టి తీస్తారు. క్లోజప్‌తో మొదలుపెడితే వైడ్‌కి వచ్చేసరికి వెలుగు పోతుంది, ఇక మర్నాటి సాయంత్రం దాకా యూనిట్ అంతా ఆగాల్సిందే.

మిట్టమధ్యాహ్నం తీయక తప్పని రోజు లెక్క ఇలా ఉంటుంది. ఐఎస్ఓ 800, సెకనుకు 24 ఫ్రేములు, షట్టర్ 1/48 సెకను అనుకుందాం. ఎండలో అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, అంకె తగ్గితే రంధ్రం పెద్దది) ఎఫ్ 16 పెడితే షట్టర్ 1/800 కావాలి. మనం 1/48 దగ్గర ఉన్నాం కాబట్టి అక్కడే నాలుగు స్టాపుల (ఒక్కో స్టాపుకీ వెలుతురు రెట్టింపు) వెలుతురు ఎక్కువ. వెనక కొండలు మసకబారి మనిషి విడిగా కనిపించాలని ఎఫ్ 4 పెడితే మరో నాలుగు. మొత్తం 8 స్టాపులు తగ్గించాలి. స్టాపుకు 0.3 చొప్పున ఎన్‌డీ 2.4 ఫిల్టర్ (రంగు మార్చకుండా వెలుతురు తగ్గించే నల్ల గాజు) వేయాలి. పరారుణ కిరణాలను కూడా ఆపే రకం కాకపోతే, ఇంత ముదురు ఫిల్టర్‌తో కొన్ని కెమెరాల్లో నల్ల బట్టలు గోధుమ రంగుకి తిరుగుతాయి. అది తర్వాత గ్రేడింగ్‌లో (కంప్యూటర్‌లో రంగులు సరిచేయడం) కూడా పూర్తిగా పోదు. ఫిల్టర్ లేక షట్టర్ పెంచి సరిపెడితే పారే నీరు, నడిచే మనిషి తెగితెగి కదిలినట్టు కనిపిస్తారు. ఈ పేరా అమ్మాయికి ఇచ్చి, ఐఎస్ఓ 400 అయితే ఏ ఫిల్టర్ కావాలో అడగండి. ఆసక్తిగా కూర్చుని 2.1 అని తేల్చిందంటే మీకు సగం జవాబు దొరికినట్టే.

చదువు విషయానికొస్తే, దేశంలో ముందు చెప్పుకోవాల్సినవి పుణే ఎఫ్‌టీఐఐ (కేంద్ర ప్రభుత్వ ఫిల్మ్, టెలివిజన్ సంస్థ), కోల్‌కతా సత్యజిత్ రే ఫిల్మ్ సంస్థ. రెండింటిలోనూ సినిమాటోగ్రఫీ మూడేళ్ల కోర్సు, ఏదైనా డిగ్రీ ఉండాలి. బాహుబలి, ఆర్ఆర్ఆర్ సినిమాలకు కెమెరా చేసిన కె.కె. సెంథిల్ కుమార్ ఎఫ్‌టీఐఐలోనే చదివారు. సీట్లు చాలా తక్కువ. కాబట్టి ఇంటర్ తర్వాత నేరుగా అటు కాదు, ముందు డిగ్రీ. ఆ డిగ్రీకి నా సలహా హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం) నాలుగేళ్ల బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఫొటోగ్రఫీ. ఫ్రేమ్, వెలుతురు, ప్రింట్ వరకు చేత్తో చేయిస్తారు. ఒక జాగ్రత్త ఏమిటంటే రాష్ట్ర విభజన తర్వాత రెండు రాష్ట్రాలకూ ఉంచిన ఉమ్మడి ప్రవేశాల పదేళ్ల గడువు 2024 జూన్‌తో ముగిసింది. ఏపీ విద్యార్థికి ఏ కోటా వర్తిస్తుందో ఆ ఏటి నోటిఫికేషన్లో చదివాకే దరఖాస్తు చేయండి. సీటు రాకపోతే రాజమండ్రిలోనే బీఎస్సీ ఫిజిక్స్ చేస్తూ షార్ట్ ఫిల్ములు తీసినా నష్టం లేదు. చెన్నై తరమణిలోని ఎంజీఆర్ ప్రభుత్వ ఫిల్మ్ సంస్థలో ఇంటర్ తర్వాతే చేరే కోర్సుంది, ఇతర రాష్ట్రాలవారి నిబంధనలు ముందే కనుక్కోండి. వీటన్నిటికంటే ముందు కంటి డాక్టరు దగ్గర రంగుల గుర్తింపు పరీక్ష చేయించండి. తేడా ఉంటే తలుపు మూసినట్టు కాదు. అలాంటివారిని మినహాయించవద్దని 2022లో సుప్రీంకోర్టు ఎఫ్‌టీఐఐకి చెప్పింది. కానీ ముందుగా తెలియడం అమ్మాయికి అవసరం.

ఆడపిల్లకి సరిపడుతుందా అన్నారు. బి.ఆర్. విజయలక్ష్మి 1980లలోనే దక్షిణాదిలో స్వతంత్రంగా సినిమాలకు కెమెరా చేశారు. ఇప్పుడు ఇండియన్ విమెన్ సినిమాటోగ్రాఫర్స్ కలెక్టివ్ అనే బృందమే ఉంది. అయినా ఇబ్బందులు దాచను. అవుట్‌డోర్ అంటే తెల్లవారుజామున 4కి బయలుదేరడం, మారేడుమిల్లి అడవిలో మరుగుదొడ్డి లేని చోట రోజంతా నిలబడటం. అసిస్టెంటుగా చేరేటప్పుడు బస ఎక్కడ, రాత్రి వాహనం ఎవరు ఏర్పాటు చేస్తారు, ఫిర్యాదు ఎవరికి చేయాలి అని మొహమాటం లేకుండా అడగడం నేర్పండి. బరువు గురించి భయపడకండి, పెద్ద సామాను మోయడానికి వేరే మనుషులుంటారు.

సంపాదన గురించి కూడా తెలిసి దిగాలి. అసిస్టెంట్, ఫోకస్ పుల్లర్ (ఫోకస్ సరిచూసేవారు), ఆపరేటర్, అసోసియేట్ మెట్లు దాటి డీవోపీ (కెమెరా విభాగం అధిపతి) అయ్యేసరికి చాలామందికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా కాల్‌షీట్ (షూటింగ్ పిలుపు) ఉన్న రోజే బత్తా. పెద్ద సినిమా సెట్‌కి యూనియన్ కార్డు అడుగుతారు. నెల జీతం కావాలనుకుంటే అదే అభిరుచికి కలరిస్ట్ (రంగులు సరిచేసేవారు), వీఎఫ్‌ఎక్స్‌లో ఎన్విరాన్‌మెంట్ ఆర్టిస్ట్ (గ్రాఫిక్స్‌తో కొండలు, ఊళ్లు తయారుచేసేవారు) ఉద్యోగాలున్నాయి. కొండల్ని ఇష్టపడే పిల్లకి రెండోది బాగా నప్పుతుంది. డ్రోన్ పైలట్ లైసెన్సుకి పదో తరగతి పాసై 18 ఏళ్లు నిండితే చాలు, పౌర విమానయాన శాఖలోని డీజీసీఏ గుర్తించిన సంస్థలోనే శిక్షణ తీసుకోవాలి.

ఆ ప్రైవేటు సంస్థకి వెళ్లినప్పుడు బ్రోచర్ చూడకండి. ఒక్కో విద్యార్థి చేతిలో కెమెరా వారానికి ఎన్ని గంటలుంటుంది, లైట్లు సొంతమా అద్దెవా, పోయిన బ్యాచ్ వాళ్లు తీసిన సినిమాలు చూపిస్తారా, వాళ్లలో ఇద్దరితో ఫోన్లో మాట్లాడవచ్చా అని అడగండి. 'కోర్సు అవగానే పెద్ద సినిమాలో ఛాన్స్' అని మాటిస్తే ఒక్క రూపాయి కట్టకండి. జవాబులు బాగున్నా ఈ ఏడాది చేర్చవద్దు. ఇంటర్ పరీక్షలు రాయించండి, వేసవిలో వచ్చే జేఎన్‌ఏఎఫ్‌ఏయూ ప్రవేశ పరీక్ష ఫేడీ నోటిఫికేషన్ కోసం చూడండి, ఈలోగా గోదావరి ఘాట్ నోట్‌బుక్ సాగనివ్వండి.