బ్రేకులు చేయించిన వారానికే ఫెయిలయ్యాయి, మెకానిక్ మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది పాలకొల్లు. మా నాన్నగారి 1978 మోడల్ అంబాసిడర్ ఇంకా వాడుతున్నాం. ఈమధ్య రాజమండ్రిలో ఒక గ్యారేజీలో బ్రేకులు పూర్తిగా చేయించాను. వారం తిరక్కుండానే నరసాపురం వెళ్తుంటే కాలువ గట్టు రోడ్డు మీద పెడల్ ఒక్కసారిగా కిందికి దిగిపోయింది. హ్యాండ్ బ్రేక్ లాగినా ఆగక, పక్కన ఆగివున్న మోటార్ సైకిల్‌కి తగిలింది. దాని మీద కూర్చున్నాయన మోకాలికి దెబ్బ తగిలింది. నిన్న పోలీసు కేసు అయింది. మెకానిక్‌ని అడిగితే "పాత బండికి గ్యారంటీ ఏముంటుందండీ" అంటున్నాడు. బండి వేరేచోట బాగుచేయించి, ఆ తర్వాత ఇతని మీద కేసు వేయొచ్చా?

జవాబు: కేసు వేయొచ్చు. కానీ దయచేసి బండిని ఇప్పుడే బాగుచేయించకండి. కొత్త మెకానిక్ కిట్టు (బ్రేకుల రబ్బరు భాగాల సెట్టు) మార్చి, ఆయిల్ పోసి, ఆయిల్ లైన్లలో గాలి తీసి ఇచ్చిన మరుక్షణం మీ కేసు సగం పోయినట్టే. ఇలాంటి కేసుల్లో తప్పు ఎవరిదో చెప్పేది ఇప్పుడు బండిలో ఉన్న ఆ రబ్బర్లూ, ఆ ఆయిలే.

బ్రేకులు ఎందుకు పోయాయన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ఆ కాలపు బండ్లలో నాలుగు చక్రాలకూ ఒకటే ఆయిల్ లైను, ఎక్కడ లీకైనా మొత్తం పట్టు పోతుంది. ఆయిల్ తగ్గి, చక్రం లోపలివైపు తడి ఉంటే వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేకును నొక్కే భాగం) చూడాలి. ఆయిల్ నిండుగా ఉండి, తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే భాగం) లోపలి రబ్బరు కప్పులు పట్టడం లేదని అనుమానించాలి. నాలుగైదు సార్లు గబగబా తొక్కితే పైకి లేస్తుంటే గాలి సరిగా తీయలేదేమో, లైనర్ల (చక్రాన్ని ఒరుసుకుని ఆపే పట్టీల) అడ్జస్ట్‌మెంట్ వదులుగా ఉందేమో చూడాలి. ఇవన్నీ అతను డబ్బు తీసుకుని చేసిన పనులే.

మరో సంగతి తప్పకుండా చూడమనండి. ఆ కొత్త రబ్బరు కప్పులు ఉబ్బి, మెత్తబడి, అంచులు తిరగబడి ఉంటే బ్రేక్ ఆయిల్‌లో ఇంజన్ ఆయిల్ లాంటిదేదో కలిసి ఉండొచ్చు. మామూలు బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది, ఇంజన్ ఆయిల్ పైకి తేలుతుంది. అలా కలిసిందని రుజువైతే మీకు అంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు. అలా కాక, తుప్పు తిన్న ఇనుప పైపు పగిలిందనుకోండి. మన సముద్రపు గాలికి అది మామూలే. "పైపులు కూడా మార్చాలండీ" అని అతను ముందే చెప్పి, మీరు ఖర్చుకు వెనకాడి ఉంటే కేసు బలహీనపడుతుంది. చెప్పకుండా "అంతా ఓకే" అని తాళం ఇచ్చి ఉంటే అతనిదే బాధ్యత.

పోలీసు కేసైంది కాబట్టి మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్, అదే మనవాళ్లనే బ్రేక్ ఇన్‌స్పెక్టర్, బండిని చూసి రిపోర్టు ఇస్తారు. ఆయన చూసేదాకా ఏ భాగమూ విప్పొద్దు. తర్వాత మెకానిక్‌కి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి: ఫలానా తేదీన మరో నిపుణుడి చేత బ్రేకులు విప్పిస్తున్నాం, వచ్చి చూసుకోండి అని. అతను రాకపోయినా, మీరే ఏదో చేశారనే వీలుండదు. విప్పేటప్పుడు వీడియో తీయండి, విప్పిన భాగాలు, సీసాలో పట్టిన ఆయిల్ దాచండి.

ఇక మీ వైపు సంగతి. బ్రేక్ ఫెయిలైందన్నంత మాత్రాన యజమాని బయటపడడు. లోపం పైకి తెలియనిదనీ, తగిన జాగ్రత్త పడినా కనిపెట్టలేమనీ యజమానే చూపించాలని సుప్రీంకోర్టు 1977లో మినూ మెహతా కేసులో చెప్పింది. పనిచేయించిన రుజువు ఇక్కడ కూడా మిమ్మల్ని ఆదుకుంటుంది. గాయపడిన ఆయన పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కి వెళ్తే, మీ థర్డ్ పార్టీ పాలసీ అమల్లో ఉంటే పరిహారం బీమా కంపెనీ చూసుకుంటుంది. అందుకే వాళ్లకు వెంటనే రాతపూర్వకంగా తెలియజేయండి. వాళ్లకు చెప్పకుండా తెల్లకాగితం మీద రాజీ రాసుకోవద్దు. ఆయన ఆసుపత్రి ఖర్చుకు సాయం చేయడం మాత్రం మానవద్దు.

మెకానిక్ మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో సేవాలోపం కింద ఫిర్యాదు చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రాజమండ్రి దాకా వెళ్లక్కర్లేదు, మీరు ఉండే ప్రాంతం కమిషన్‌లోనే వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు. బిల్లు ఇవ్వలేదా? అడిగినా ఇవ్వకపోతే అది కూడా ఆ చట్టం కింద తప్పే. ఫోన్‌పే చెల్లింపు, వాట్సాప్ మెసేజ్‌లు చెరిపేయకుండా ఉంచండి.

ఈ కారును పెళ్లిళ్లకు అద్దెకిస్తుంటే మాత్రం ముందే మీ లాయరుకు చెప్పండి. వాణిజ్య వాడకం కాబట్టి మీరు వినియోగదారే కాదని అవతలివాళ్లు అడ్డం వేస్తారు, బీమా దగ్గరా ఇబ్బందే. సొంత వాడకమే అయితే ఆ బెంగ లేదు. ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది. కానీ నోటీసు మాత్రం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి వెళ్లిన రోజే పంపండి.