1930 నాటి అట్ట గ్రామఫోన్ రికార్డు వంకర పోయింది, ఎలా మోగించాలి?

గోధుమరంగు, ఒకవైపే గాళ్లు, వెనక ఉత్త కాగితం, వంచితే విరగదు. మీరు చెప్పినవన్నీ "హిట్ ఆఫ్ ది వీక్" రికార్డు లక్షణాలే. ఊరికే పంచిపెట్టిన ప్రకటన రికార్డు అనుకుని పారేయకండి. న్యూయార్క్‌లో డ్యూరియం ప్రొడక్ట్స్ వాళ్లు 1930 ఫిబ్రవరి నుంచి వారానికొకటి చొప్పున దీన్ని పత్రికలమ్మే బంకుల్లో 15 సెంట్లకు అమ్మారు. పెద్ద కంపెనీల లక్క రికార్డు అప్పట్లో 75 సెంట్లు. దానికి రెండువైపులా పాటలుంటాయి కదా అంటారేమో, పాటకింతని లెక్కేసినా 15కి 37న్నర!

ఇక వంకర సంగతి. కొలంబియా యూనివర్సిటీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ హాల్ టి. బీన్స్ తయారుచేసిన డ్యూరియం అనే రెజిన్‌ని (ప్లాస్టిక్‌లా గట్టిపడే పదార్థం) కాగితం అట్ట మీద పూతగా వేసి గాళ్లు అచ్చొత్తేవారు. అట్ట చెమ్మ పీల్చి సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. రెజిన్ దానితోపాటు కదలదు. అందుకే పెనం మీద దోసె అంచులా లేస్తుంది. నీళ్లతో కడిగారంటే అంతే సంగతులు. పొడి మెత్తని బ్రష్ చాలు. ఇస్త్రీ పెట్టె, ఎండ వద్దు. రెండు గాజు పలకల మధ్య బరువు పెట్టి కొన్ని వారాలు వదిలేయండి. పూర్తిగా సాపు కాకపోయినా మోగేంత అవుతుంది.

మోగించేటప్పుడు కింద ఒక పాత లక్క రికార్డు వేసి, దాని మీద దీన్ని పెట్టండి. పాట గాళ్లు తగలకుండా లేబుల్ మీద నాలుగు నాణేలు ఎదురెదురుగా ఉంచండి. ఒక పక్కే పెడితే రెండో పక్క లేస్తుంది. నాణేలు లేకపోతే ముల్లు ఒరిపిడికి రికార్డు జారి, పాట సాగదీసినట్టు వినిపిస్తుంది. చాలామంది మోటారు చెడిందనుకునేది ఇక్కడే. వేగం నిమిషానికి 78 చుట్లు, ముల్లు ఆ వేగం రికార్డులకు వాడే 75 మైక్రాన్లది, ముల్లు రికార్డు మీద మోపే బరువు 3 నుంచి 5 గ్రాములు. ఎల్పీల (తర్వాత వచ్చిన సన్న గాళ్ల రికార్డుల) ముల్లు పెడితే గాడి అడుగున దొర్లి బరబరే మిగులుతుంది. 1931లో గాళ్లు సన్నం చేసి 5 నిమిషాల దాకా పట్టించారు. అవి ఇంకా సున్నితం, పాత స్ప్రింగు గ్రామఫోన్ మీద పెట్టనే వద్దు.

కంపెనీ మాత్రం ఎక్కువ రోజులు నిలవలేదు. ఆర్థిక మాంద్యంలో 1931కల్లా దివాలా దశకు చేరి రిసీవర్ (కోర్టు నియమించే అధికారి) చేతికి వెళ్లింది, 1932లో రికార్డులు ఆగిపోయాయి. లేబుల్ మీద "హార్లెమ్ హాట్ చాకొలేట్స్" అని ఉందేమో ఒకసారి చూడండి. అది మారుపేరు, వాయించింది ప్రసిద్ధ అమెరికన్ జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం. ఉంటే తొందరపడి అమ్మకండి.