పంపు పెట్టుకున్న అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

ఒంటికి ఇన్సులిన్ అందించే పంపు అమర్చారని మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. పూటపూటా సూది తప్పినందుకు నాకు ఎంత సంతోషమో! ఏళ్ల తరబడి టైప్-1 షుగర్ జబ్బుతో, చాలా కాలంగా పంపుతో బతుకుతున్న దాన్ని కాబట్టి తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను. మోతాదుల సంగతి మాత్రం నీ డాక్టరుదే.

పంపులో ఉండేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే. రోజంతా చుక్కచుక్కగా వెళ్లే బేసల్ అదే, భోజనానికి నొక్కే బోలస్ అదే. ఇదివరకు నువ్వు వేసుకున్న రాత్రి సూది దాదాపు రోజంతా ఒంట్లో పనిచేస్తూ ఉండేది. ఇప్పుడు ఆ నిలవ లేదు. గొట్టం మడతపడినా, కాన్యులా (చర్మం కింద ఉండే సన్నని గొట్టపు మొన) ఊడినా కొద్ది గంటల్లోనే కీటోన్లు, అంటే ఇన్సులిన్ అందనప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు, పేరుకుంటాయి. నిన్ను చూసి నాకు బెంగ కలిగేది ఈ ఒక్క విషయంలోనే.

అందుకే, కారణం లేకుండా షుగర్ 250 దాటితే పంపుతో ఒక్కసారి సరిదిద్ది చూడు. గంట, గంటన్నరలో దిగలేదా, మళ్లీ పంపును నమ్ముకోవద్దు. కీటోన్లు చూసుకో. ఇన్సులిన్ పెన్నుతోనో సిరంజితోనో వేసుకో, గొట్టం, కాన్యులా కలిసిన కొత్త సెట్ వేరేచోట పెట్టుకో, డాక్టరుకు ఫోను చెయ్యి. వాంతులు మొదలైతే ఇంట్లో కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్లు.

సిరంజి దగ్గర చాలా జాగ్రత్త. మందుల షాపులో ఎర్రమూతది మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కు చేసిన రకం, నారింజ మూతది 100 యూనిట్లుండే దానికి చేసిన రకం. పంపులో నింపేది 100 రకం ఇన్సులిన్. దాన్ని ఎర్రమూత సిరంజిలో 10 గీత దాకా తీస్తే లోపలికి వెళ్లేది 25 యూనిట్లు! నీ సంచిలో నారింజ మూతవి మాత్రమే ఉంచు.

కాన్యులా రెండు మూడు రోజులకోసారి మార్చాలి, అదీ ప్రతిసారీ చోటు మారుస్తూ. ఒకేచోట గుచ్చితే కొవ్వు గడ్డకట్టి ఇన్సులిన్ సరిగా ఒంటికి పట్టదు. మన విశాఖ ఉక్కపోతకు టేపు అంచులు లేచిపోతాయి. స్నానం చేశాక నూనె, పౌడరు రాయకుండా ఒళ్లు పూర్తిగా ఆరనిచ్చి అప్పుడు అంటించు. ఫ్రిజ్‌లోంచి తీసిన ఇన్సులిన్ చల్లదనం పోయాకే నింపు, లేకపోతే గొట్టంలో బుడగలు వస్తాయి. రుషికొండలో నీళ్లలోకి దిగేటప్పుడు పంపు తీస్తావేమో, దాన్ని ఎండలో ఇసుక మీద వదలకు. గంటకు మించి తీసి ఉంచకు.

అన్నం కొలవడం నామోషీ అనుకోకు. వండిన తెల్లన్నం 100 గ్రాముల్లో దాదాపు 28 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. మీ ఇంటి గరిటెతో ఒక్క గరిటెడు అన్నం ఎంత తూగుతుందో ఒకసారి చూసుకున్నావంటే ఇక కంటితోనే లెక్క తెలుస్తుంది. పూరీ, మసాలా వేపుళ్లు తిన్న రోజు షుగర్ ఆలస్యంగా పెరుగుతుంది. బోలస్‌ను కొంత ఇప్పుడు, కొంత తరువాతి గంటల మీద పరచి ఇచ్చే వీలు పంపులో ఉంది, నేర్పించమని అడుగు.

తుఫాను హెచ్చరిక వస్తే బద్ధకించవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. నెలకు సరిపడా సెట్లు, బ్యాటరీలు, ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్ పెన్ను దగ్గర పెట్టుకో. వాడుతున్న ఇన్సులిన్ ఎండ తగలకుండా 30 డిగ్రీల లోపు ఉంటే సుమారు నాలుగు వారాలు పనికొస్తుంది. పంపు ఆగిపోతే అందులోని అంకెలూ కనపడవు కాబట్టి నీ బేసల్ గంటల వారీగా కాగితం మీద రాసి పర్సులో ఉంచు.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణకు వెళ్తానన్నావట. మానమని చెప్పను. దాదాపు 32 కిలోమీటర్ల నడక కదా, బయలుదేరే గంట ముందు నుంచే బేసల్ ఎంత తగ్గించాలో ఈ వారమే డాక్టరును అడుగు. దారిలో 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగి, కూర్చుని, 15 నిమిషాలయ్యాక మళ్లీ చూసుకో. చాక్లెట్ వద్దు, అందులోని కొవ్వు వల్ల నెమ్మదిగా ఎక్కుతుంది. ఇల్లు చేరాక తెల్లవారుజామున కూడా షుగర్ పడిపోవచ్చు, మూడు గంటలకు అలారం పెట్టుకో. మీ పెదనాన్న గ్లూకోజు, ఇంకో సెట్ పట్టుకుని హనుమంతవాక కూడలిలో ఉంటారు. ఎన్ని గంటలకు బయలుదేరుతావో ముందుగా చెప్పు.

మీ పెద్దమ్మ
విశాఖపట్నం