పోషకాలు నిండిన చెరువులో నాచును ఆపేది వెలుతురే

"మురుగు చేరే చెరువులో నత్రజని, ఫాస్ఫరస్ ఎప్పుడూ తగ్గవు కదా, మరి నాచు పెరగడం ఎక్కడ ఆగుతుంది?" అని అడిగారు. వెలుతురు దగ్గర ఆగుతుంది. కైకలూరు వైపు చేపల చెరువుల మధ్య పెరిగినవాణ్ణి, ఈ మాట గట్టిగానే చెప్తాను.

ఒక వానాకాలం మా బాబాయి చెరువులో నీళ్లు చిక్కటి పచ్చగా మారాయి. ఆ పచ్చదనమంతా నీళ్లలో తేలే సన్నటి నాచే. చేపల మేతకు నాచు పెరగాలని వేసే కోళ్ల ఎరువు, సూపర్ ఫాస్ఫేట్ అప్పటికే దండిగా పడ్డాయి. ఇంకో విడత వేద్దామని కాపలా అతను అంటే బాబాయి ఒప్పుకోలేదు. "చెయ్యి నీళ్లలో నిలువుగా ముంచి చూడరా" అన్నాడు నాతో. మణికట్టు మునిగేసరికే వేళ్లు కనిపించలేదు. జానెడు లోతులోనే చూపు ఆగిపోయిందంటే, దానికి రెండు మూడింతలు కిందికి వెళ్తే నాచు పెరగడానికి చాలినంత వెలుతురు ఉండదు. ఆ చెరువేమో ఆరడుగుల లోతు. గాలికి నీళ్లు కిందామీదా అవుతుంటే నాచు ఎక్కువసేపు చీకట్లోనే గడుపుతుంది. పగలు సంపాదించింది అక్కడే ఖర్చయిపోతుంది. తన నీడే తనకు అడ్డం. ఇక ఎంత ఎరువు వేసినా దండగే.

తర్వాత ముసురు పట్టింది. ఎండ లేక నాచు పగలు ఆక్సిజన్ సరిగా ఇవ్వలేదు. తెల్లవారుజామున చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరిచాయి. రాత్రంతా ఆ నాచు కూడా ఆక్సిజన్ పీల్చేస్తుంది మరి. ఏరేటర్లు తిప్పి, కాలవ నీళ్లు పెట్టి గట్టెక్కాం. ఇలాంటప్పుడు మైలుతుత్తం చల్లమని సలహా ఇచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నాచు ఒక్కసారిగా చచ్చి కుళ్లితే ఉన్న ఆక్సిజన్ కూడా పోతుంది!

నాచును తినే సూక్ష్మజీవులు, మధ్యాహ్నానికి నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ అయిపోవడం, కొత్త నీటికి కొట్టుకుపోవడం కూడా కొంత ఆపుతాయి. నీలి ఆకుపచ్చ నాచు మాత్రం కణాల్లోని గాలి తిత్తులతో పైకి తేలి వెలుతురంతా తనే లాక్కుంటుంది. పైన రంగు పోసినట్టు తెట్టు కట్టేది అదే.

1973లో కెనడాలో 226వ నంబరు సరస్సును తెరతో రెండుగా విడదీసి చూస్తే, ఫాస్ఫరస్ కలిపిన సగమే పచ్చబడింది. కానీ అది పోషకాలు తక్కువున్న నీటి సంగతి. మన ఊరి చెరువుల్లో ఫాస్ఫరస్ అవసరానికి మించి ఉంది, అడుగు బురదలో కూడా నిల్వ ఉంది. అందుకే మురుగు కాస్త తగ్గించగానే నీళ్లు తేటపడవు. ఫాస్ఫరస్ నాచుకు చాలనంత తగ్గేదాకా మురుగు ఆపాల్సిందే, మధ్యలో ఫలితం లేదని వదిలేయకూడదు.